బొటనవేలి మేర

హెల్వి దాన్ని గోనెపట్టాలో చుట్టి తెచ్చింది,
చచ్చిన పామును తెచ్చినట్టు, ఒంటికి దూరంగా.
గడ్డికొట్టం కూలగొడుతుంటే దూలం మీద దొరికిందట.
యాభై రెండేళ్లు.
"బాగవుతుందా?" అనలేదు.
"ఎంతవుతుంది?" అంది.
కైనూ అడవుల్లో మేమంతా ఇంతే,
ఏడుపును కూడా ధర కనుక్కుని గానీ బయటికి తీయం.

మొదట బోల్టు తెరవాలి.
రాలేదు.
మూడు రాత్రులు కిరోసిన్ తాగించాను.
నాలుగో పొద్దున
నిద్రలేచిన ముసలి గొంతులా గరగరమని కదిలింది.
లోపల తూటా లేదు.
జాగ్రత్తపరుడే.
నూనె రాయడం ఒక్కటే రేపటికి వదిలాడు.

తుప్పంటే
ఇనుముకు మట్టి మీద బెంగ.
పై పొట్టు వేలితో దులిపితే రాలుతుంది, కారప్పొడిలా.
లోపలిది మొండిది.
పాత పెన్నీ నాణెం అంచుతో గీకాను;
రాగి మెత్తన, ఉక్కును నొప్పించదు.
నూనె, ఉక్కుపీచు, మళ్లీ నూనె.
గుడ్డలెర్రబడ్డాయి, గోళ్ల సందులెర్రబడ్డాయి,
రై రొట్టె కొరికినా నాలుక మీద ఇనుమే.

తూటా గది పక్కన ఒక మరక,
ఎంత రుద్దినా పోదు.
పంతం పట్టి రుద్దాను.
సగం పోయాక దీపం కిందికి తెచ్చి చూద్దును కదా,
గీతలు.
కోసిన మాను మీది వలయాల్లా
వంపు తిరిగిన సన్నని గీతలు.
బొటనవేలు.

చెమటలో ఉప్పుంటుంది, ఉప్పు ఇనుమును తింటుంది.
దుప్పిని మోసుకొచ్చిన ఆ సాయంత్రం
తడిచేత్తోనే దీన్ని దూలం మీద పెట్టి
నెస్తోరి వలలు తీయడానికి సరస్సు మీదికి పోయాడు.
పడవ దొరికింది.
చెల్లికి అప్పుడు ఆరేళ్లు.
ఉన్న ఒక్క ఫొటోలో అటు తిరిగి నవ్వుతున్నాడు, చెవి తప్ప కనబడదు.
ఇదిగో, ఇంతకాలం వేలు మాత్రం ఇక్కడే దాక్కుని ఉంటే
సగం నేను చెరిపేశాను.

ఫోన్ చేసి చెప్పాను.
అటువైపు చాలాసేపు ఫ్రిజ్ మోత.
తర్వాత,
"ఏ సగం మిగిలింది?"
"కింది సగం."
"సరే. ఇక దాన్ని కదపకు."

ముల్లును ముల్లుతోనే తీయాలి.
తుపాకీకి నలుపు పట్టేదీ తుప్పుతోనే.
శనివారం ఇంటిల్లిపాదీ స్నానాలయ్యాక
ఇంకా చెమర్చుతున్న సౌనాలో
మందు పూసిన గొట్టాన్ని వేలాడదీస్తాను.
తెల్లారేసరికి నారింజరంగు నూగు.
మూడు వారాలు తరిమి తరిమి కొట్టినదాన్నే
పిలిచి పీట వేస్తున్నాను.
మంచు కరిగించిన నీళ్లలో ఉడకబెడితే
ఎరుపు కాస్తా నలుపవుతుంది.
అదే తుప్పు; ఇప్పుడు తినదు, కాపలా కాస్తుంది.
తోమాలి, పూయాలి, మళ్లీ ఉడకబెట్టాలి.
ఏడుసార్లు, చేతికి తొడుగులతో.
వట్టి వేలు తగిలితే మరక పడుతుందని
నాకు పని నేర్పినాయన వీపు మీద చరిచి మరీ చెప్పేవాడు.
ఏడుసార్లూ ఆ సగం వేలి పక్కనుంచే
కుంచెను నడిపించాను,
నిద్రపోతున్న పిల్లాడి మంచం పక్కనుంచి నడిచినట్టు.

కర్రకు అవిసెనూనె, అందులో చిటికెడు పైన్ తారు.
మా తాతలు తారు కాచి బతికారు.
ఆ వాసనకు పొయ్యి దగ్గరి కుక్క లేచి వచ్చి
తుపాకీ మడమను మూచూసి
మళ్లీ పడుకుంది.

హెల్వి వచ్చింది. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది.
ఉన్ని తొడుగు పళ్లతో లాగేసి
బొటనవేలు అక్కడ ఆనించింది,
ఉన్న సగం మీదా, లేని సగం మీదా.
"చిన్నదే" అంది.
"నేనింకా పెద్దదనుకున్నా."

తీశాక ఆ నలుపు మీద తడి మెరిసింది.
తాజా ఉప్పు.
నూనెగుడ్డ నా చేతిలోనే ఉంది.
తుడవలేదు.

రసీదు అడిగింది, రాసిచ్చాను.